నాలుగు గడుల రైలు పాసు మీద పచ్చసిరా సంతకం

స్విట్జర్లాండు వెళ్ళి వచ్చినవారు మంచుకొండల గురించి చెబుతారు. ఆ కొండలను నేనూ చూశాను. బాగున్నాయి. అంతకు మించి వాటి గురించి చెప్పవలసినది ఏదీ నాకు తోచలేదు. నేను రాయదలచినది అరచేతికన్న కొంచెం పెద్దదైన ఒక కాగితం గురించి. అది ఆ దేశపు రైళ్ళలో తిరగడానికి పర్యాటకులు కొనుక్కునే పాసు. దాని మీద నేను చేసిన ఒక దిద్దుబాటు వల్ల మా అక్క యాభై నాలుగేళ్ళ కోరిక నడిదారిలో దిగబడిపోయేదే. తప్పు నాది. ఈ చివరి రెండు మాటలు రాయడానికి నాకు వారం రోజులు పట్టింది.

చిక్కపేట

మా అక్క సరోజకు డెబ్బై ఆరేళ్ళు. చిక్కపేటలో లేసులు, చీర అంచులు, రవిక గుడ్డలు అమ్మే దుకాణం ఆమెది. నేను ఆమెకన్న నాలుగేళ్ళు చిన్న. ప్రభుత్వ బాలికల ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయినిగా పనిచేసి విరమించాను. మా ముత్తాతల కాలంలోనే మావాళ్ళు బెంగుళూరుకు వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఆ రెంటి మధ్య గడప ఎక్కడ ఉందో మా అక్కకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ ఆమెకు కలగలేదు.

ఆమెకు ఇరవై రెండేళ్ళప్పుడు, బావగారు ఊళ్ళో లేని ఒక రోజున, బొంబాయి ఏజెంటు ఒకడు దుకాణంలో ఒక అట్టపెట్టె దింపాడు. లోపల స్విస్ లేసు. తెల్లని నూలు పట్టీ మీద నల్లదారంతో చీమల వంటి చిన్న చిన్న కుట్లు. ఐదు చీమలు తిన్నగా నడుస్తుంటాయి. ఆరవది బారు తప్పి పక్కకు అడుగు వేస్తుంది. మళ్ళీ ఐదు తిన్నగా, ఆరవది పక్కకు. అక్క ఎవరినీ అడగకుండా పెట్టె మొత్తం కొనేసింది. అత్తగారు మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాలుగవ రోజు నుంచి చిక్కపేట ఆడవాళ్ళంతా "చీమలబారు ఉందా" అని అడుగుతూ దుకాణం మెట్లెక్కారు. నెల తిరగకముందే పెట్టె ఖాళీ అయింది. అప్పటిదాకా లోపలిగదిలో గుడ్డలు మడతపెడుతూ ఉండిన కోడలిని అత్తగారే చెయ్యి పట్టుకుని తీసుకువచ్చి దుకాణపు గద్దె మీద కూర్చోబెట్టారు. ఆ లేసు మళ్ళీ ఎన్నడూ బజారుకు రాలేదు. అరగజం ముక్క, దానికి చుట్టిన పెట్టె చీటీ మాత్రం అక్క బీరువాలో మిగిలాయి.

నిరుడు ఆమె మనవరాలు ఆ చీటీ మీది ఊరిపేరు చూసి ఫోనులో వెతికింది. స్విట్జర్లాండులో, సాంక్ట్ గాలెన్ పట్టణానికి దగ్గర పల్లె అది. అక్కడ ఒక పాత చేతిమిషను, దాన్ని నడిపే హాన్స్ అనే పెద్దాయన ఇంకా ఉన్నారని తెలిసింది. మనవరాలు చీమల లేసు కావాలని రాస్తే ఆయన జవాబిచ్చారు. మిషను త్వరలో మ్యూజియానికి వెళ్ళిపోతున్నది, విడగొట్టి తీసుకుపోతారు, ఆ తరువాత ఇక తిరగదు, ఫలానా గురువారం వస్తే మీ లేసు మీ కళ్ళముందే కుట్టి ఇస్తాను అని.

"లేసు పోస్టులో తెప్పించుకోవచ్చు కదా అక్కా," అన్నాను.

"లేసు నా అంగట్లో గోడ నిండా ఉండాదే. ఆ మిషను కుట్టేది నేను సూడాల," అన్నది. "నన్ను గద్దె ఎక్కించిన మిషను అది. దాన్ని ఇప్పేసినాక పోయి ఏం జేసేది?"

రైలు పాసు కోసం గాంధీనగర్‌లో ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గరకు వెళ్ళాము. కడప వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన యువకుడు. నెల రోజుల్లో మనకు నచ్చిన ఏ నాలుగు రోజులైనా ఎన్ని రైళ్ళైనా ఎక్కి తిరిగే పాసు ఒకటి ఉందని చెప్పాడు.

"ఫోన్‌లోకే వచ్చేస్తుంది మేడం. ఈజీగా ఉంటుంది," అన్నాడు.

"కాగితం లేదా?"

"ఉంది కానీ, దాంట్లో నాలుగు గడులుంటాయి. ఏ రోజు తిరిగితే ఆ రోజు తేదీ మీరే రాసుకోవాలి. ఎందుకు మేడం ఆ తలనొప్పి?"

"ముప్ఫై ఆరేళ్ళు హాజరుపట్టీలు నింపాను నాయనా. నాలుగు గడులు నింపలేనా?"

ఒకసారి రాస్తే దిద్దరాదన్న ఇంకో మాట ఆ యువకుడు అప్పుడే గట్టిగా చెప్పి ఉండవలసింది. నా ముఖం చూసి మానుకున్నట్టున్నాడు.

అక్క ముందుకు జరిగింది. "మేము ఇద్దరం ఉండాము గదప్పా. జోడీ ధర ఏమన్నా ఉండాదా?"

"ఉందమ్మా. ఇద్దరికీ కలిపి ఒకే పాసు. కానీ ఇద్దరూ ఎప్పుడూ కలిసే తిరగాలి."

"అదిన్నీ తగ్గించి చెప్పు."

"ధర అక్కడివాళ్ళు పెట్టింది అమ్మా, నేను తగ్గించలేను."

"అయితే వాళ్ళకి ఫోన్ కొట్టప్పా. నేను మాట్లాడతా."

జ్యూరిక్

మేము దిగినది ఆదివారం. ఆ నగరపు క్రమం చూసి నా కళ్ళు చల్లబడ్డాయి. బండి ఒక్కటీ లేని వీధిలో, ఎర్రదీపం పచ్చగా మారేవరకు, ఏడుగురు పెద్దమనుషులు ఫుట్‌పాతు అంచున కదలకుండా నిలబడి ఉన్నారు. నేను ఎనిమిదవ మనిషినై నిలబడ్డాను. మా అక్క మాత్రం చక్కగా అవతలకు నడిచివెళ్ళి, అటుపక్క నుంచి మమ్మల్ని ఎనిమిదిమందినీ జాలిగా చూసింది.

సీసా మంచినీరు కాఫీ ధరకు అమ్ముతారు. కాఫీ ధరకు చిక్కపేటలో ఇద్దరికి భోజనం, పైన కిళ్ళీ వస్తాయి. అయితే వీధి వీధికీ రాతి ఫౌంటెన్లున్నాయి, వాటి నీళ్ళు నేరుగా తాగవచ్చు. ఈ సంగతి తెలిసిన మరుక్షణం నుంచి అక్క ఆ నగరాన్ని ఫౌంటెన్ల గుర్తులతోనే చూసింది. మూడు సీసాలు చంకన పెట్టుకుని తిరిగింది.

బస చేసిన ఇంటి యజమానురాలు అచ్చం నా మనస్తత్వం గల మనిషి. గాజుసీసాలు ఏ రోజున ఎక్కడ వేయాలో, కాగితాలు ఏ దారంతో కట్టి బయట పెట్టాలో రాసిన పట్టిక ఒకటి మాకు అందజేసింది. దాన్ని చదువుతూ నేను ఆనందిస్తుండగా, అక్క తన తడిచీర ఆరుగజాలూ బాల్కనీ పొడుగునా ఆరవేసింది. పావుగంటలో తలుపు చప్పుడైంది. ఆదివారం నాడు బట్టలు ఆరవేయరాదట.

"ఆమె చెప్పింది నిజమే అక్కా. నియమం నియమమే," అన్నాను.

"నువ్వు ఎవరి కడుపున పుట్టినావో నాకు ఒకొకసారి అనుమానం వస్తాదే," అంటూ అక్క చీర లోపలికి లాక్కున్నది. ఆ చీర ఆ దినమంతా స్నానాలగదిలో వేలాడి సోమవారానికి కూడా ఆరలేదు. అదే కట్టుకుని ప్రయాణం చేసింది, నా మీద కోపంతో.

ఆ సాయంత్రం నేను పాసు బయటకు తీశాను. వెనుకవైపు షరతులు అచ్చువేసి ఉన్నాయి. రెండుసార్లు చదివాను. ప్రయాణించే రోజున, రైలెక్కే ముందు, ఆనాటి తేదీని సిరాతో రాయాలి. అనధికారికంగా దిద్దిన పాసు చెల్లదు. నాలుగు రోజుల ప్రయాణక్రమం నేను బెంగుళూరులోనే నిర్ణయించుకుని ఉన్నాను. సోమ, మంగళ, బుధవారాలు చూడదగిన ప్రదేశాలు, గురువారం హాన్స్ గారి మిషను. ఖాళీగా వదిలిన గడి అక్రమానికి తావిస్తుందని నా ఉద్యోగ జీవితంలో గ్రహించాను కనుక, నాలుగు తేదీలూ ఒకేసారి ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేశాను.

అక్క పక్కన కూర్చుని చూస్తున్నది. "నాళెది, ఎల్లుండిది ఇప్పుడే రాస్తే ఎట్లనే? ఏమన్నా అడ్డం వస్తే?"

"రాదు. రాశాను కదా."

రైన్ జలపాతం

సోమవారం రైన్ నది జలపాతానికి వెళ్ళాము. దారిలో ఎదుటి సీటులో ఒక వృద్ధుడు పత్రిక చదువుకుంటున్నాడు. ఆ దేశంలో రైలుపెట్టెలో ఎవరూ మాట్లాడరు. మన రైలులోనైతే ఆపాటికి ఆయన ఊరు, జీతం, కొడుకుల చదువులు మాకు తెలిసి ఉండేవి. అక్క సంచిలోంచి కారం చెక్కల వంటి నిప్పట్ల డబ్బా తీసి, మాటలేకుండా ఆయన ముందు చాపింది. ఆయన ఒకటి తీసుకుని కొరికాడు. ముఖం మెల్లగా ఎర్రబడింది. కళ్ళలో నీళ్ళు నిండాయి. అయినా పెట్టెలోని నిశ్శబ్దాన్ని భంగపరచకుండా మొత్తం నమిలి మింగి, తలవంచి కృతజ్ఞత తెలిపి, తరువాతి స్టేషనులో దిగిపోయాడు. ఆయన దిగవలసిన స్టేషను అదేనా అన్న సందేహం నాకు ఇప్పటికీ ఉంది.

జలపాతం దగ్గర భోజనానికి రోస్టీ అనే వంటకం పెట్టారు. బంగాళాదుంపలను తురిమి పెనం మీద వేయించినది.

"ఉర్లగడ్డ దోసె," అని అక్క ఒక్క ముక్కలో తేల్చింది. చట్నీపొడి చల్లుకుని, రెండవ ముద్దకు, "బాగానే ఉండాది, పాపం. నేర్పించేవాళ్ళు లేక అట్ల చేస్తాండారు," అన్నది.

లుజర్న్

మంగళవారం లుజర్న్ చేరి సరస్సు ఒడ్డున బస మార్చాము. బుధవారం కొండకు వెళ్ళి వచ్చేసరికి హాన్స్ గారి ఉత్తరం ఒకటి ఫోనులో వేచి ఉన్నది. గురువారం ఆయన పంటి వైద్యుడి దగ్గరకు వెళ్ళవలసి ఉందట. శుక్రవారం పదకొండు గంటలకు రమ్మన్నారు. పన్నెండుకు మిషను ఆపేస్తాననీ, ఒంటిగంటకు మ్యూజియంవారు పనిముట్లతో వస్తారనీ, అది వారు మార్చరనీ రాశారు.

"ఒక దినం గదా, పోనీలే. సరస్సు సూస్తాం," అన్నది అక్క. నేను పాసు బయటకు తీశాను. నాలుగవ గడిలో గురువారపు తేదీ కూర్చుని ఉంది.

గురువారమంతా సరస్సు ఒడ్డున బల్ల మీద కూర్చుని ఆ గడి గురించే ఆలోచించాను. షరతును మరల మరల చదివాను. అనధికారికంగా దిద్దరాదు అన్నాడే గాని, దిద్దనే రాదు అనలేదు. అంటే అధికారికంగా దిద్దవచ్చునన్న మాట. మన దేశంలో ఏ దస్తావేజునైనా దిద్దే పద్ధతి ఒకటుంది. తప్పును ఒకే గీతతో, కింది అక్షరం కనబడేటట్లు కొట్టివేయాలి. పైన సరియైనది రాయాలి. పక్కన అధికారి సంతకం పెట్టాలి. నేను గెజిటెడ్ హోదాలో విరమించినదానిని. ఆ హోదా గలవారు పచ్చసిరాతో సంతకం చేసే ఆచారం ఉన్నందున, పచ్చకలం ఎల్లప్పుడూ నా సంచిలో ఉంటుంది. ఎన్ని వేల మార్కుల పట్టికలకు ఆ సిరాతో ప్రాణం పోశానో లెక్కలేదు.

ఆ సాయంకాలం స్కేలు పెట్టి గురువారాన్ని కొట్టివేశాను. పైన శుక్రవారపు తేదీ రాశాను. పక్కన పచ్చసిరాతో సంతకం చేసి, కింద నా హోదా ఇంగ్లీషులో రాసి, "దిద్దుబాటు సరియైనదని ధ్రువీకరించడమైనది" అని చేర్చాను.

అక్క దాన్ని దీపం దగ్గర పెట్టి చూసింది. "సీలొకటి తక్కువ," అన్నది.

"సీలు బెంగుళూరులో ఉండిపోయింది," అన్నాను. అది ఎగతాళి అని నాకు రెండు నిమిషాల తరువాత అర్థమైంది.

సాంక్ట్ గాలెన్ రైలులో

శుక్రవారం ఉదయం రైలు ఎక్కాము. పది యాభైకి పల్లె చేరవలసి ఉంది. అక్క మంచి పట్టుచీర కట్టుకుని, అరగజం లేసుముక్కను చేతిసంచిలో పెట్టుకుని, ఆ సంచిని ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆమె పెళ్ళినాడు కూడా అంత బుద్ధిగా కూర్చోలేదు.

అరగంట తరువాత టికెట్ కలెక్టరు వచ్చింది. ముప్ఫై ఏళ్ళ స్త్రీ, మర్యాదస్తురాలు. పాసు తీసుకుని చూసింది. దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూసింది.

"ఈ పచ్చ సంతకం ఎవరిది?" అని ఇంగ్లీషులో అడిగింది.

"నాది."

"ఈ పాసు ఎవరిది?"

"నాది, మా అక్కగారిది."

"అంటే మీ పాసును మీరే దిద్దుకుని, మీ దిద్దుబాటు సరియైనదని మీరే ధ్రువీకరించుకున్నారు."

ఆమె దాన్ని అంత స్పష్టంగా చెప్పి ఉండకూడదు. "మా దేశంలో ఇప్పుడు స్వయం ధ్రువీకరణ కూడా చెల్లుతుంది," అన్నాను. "పైగా నేను గెజిటెడ్ అధికారిని."

"ఏ రైల్వేలో?"

"రైల్వేలో కాదు. విద్యాశాఖలో."

ఆమె నవ్వలేదు. అది ఆమె గొప్పతనం. తేదీ దిద్దిన పాసు చెల్లదనీ, ఇద్దరికీ టికెట్టు, దానిపైన జరిమానా ఇక్కడే కడితే ఇదే రైలులో కూర్చుని వెళ్ళవచ్చుననీ చెప్పింది.

"ఏమంటాదే ఆ యమ్మ?" అన్నది అక్క. చెప్పాను. అక్క వెంటనే పర్సు తీసింది. "ఇచ్చేయవే. పదకొండుకి మనం ఆడ ఉండల్ల."

"జరిమానా కడితే నేను తప్పు చేశానని ఒప్పుకున్నట్టే."

"చేసినావు గదా!"

"నేను మోసం చేయలేదు. దిద్దాను. రెంటికీ తేడా ఉంది." అని, కలెక్టరు వైపు తిరిగి, "మీ పై అధికారితో మాట్లాడాలి," అన్నాను.

"పై అధికారి రైలులో ఉండరు. వచ్చే స్టేషనులో కార్యాలయం ఉంది. కావాలంటే దిగి మాట్లాడవచ్చు," అని ఆమె పాసు నాకు తిరిగి ఇచ్చింది.

నేను లేచాను. పాసు ఇద్దరికీ కలిపి ఒకటే కనుక అక్కనూ లేపాను. ఆమె ఆ చీరతో, ఆ సంచితో, "వసంతా, వద్దే, మాట ఇనవే," అంటూ నా వెనుక దిగింది. రైలు వెళ్ళిపోయింది. తరువాతి రైలు గంటకు ఉంది. ఆ సంగతి నేను దిగిన తరువాత చూశాను.

దారిలో ఒక స్టేషను

దాని పేరు రాయడం లేదు. ఆ ఊరు ఏ పాపమూ ఎరుగదు.

కార్యాలయంలో కిటికీ వెనుక నెరిసిన మీసాల మనిషి ఒకాయన ఉన్నాడు. పాసును తిప్పి షరతులున్న వైపు నా ముందు పెట్టాడు.

"ఇది చదవలేదా?"

"చదివాను. రెండుసార్లు."

"చదివి కూడా చేశారా?"

సరిగ్గా ఈ ప్రశ్నను, ఇదే స్వరంతో, పరీక్షహాలులో పట్టుబడిన ఆడపిల్లలను నేను ఎన్నిసార్లు అడిగి ఉంటానో! అప్పుడు వారు చెప్పే జవాబులన్నీ నాకు కంఠస్థం. ఒక్కటీ నేను నమ్మినది కాదు. ఇప్పుడు అవే నా నోట వరుసగా బయలుదేరాయి. ఉద్దేశపూర్వకంగా చేయలేదన్నాను. ఇదే మొదటిసారి అన్నాను. పెద్దదాన్ని అన్నాను. చివరికి, మా అక్కకు ఒంట్లో బాగాలేదని కూడా అన్నాను.

అక్క అప్పటికి బల్ల మీద కూర్చుని నిప్పట్టు కరకర నములుతున్నది. ఆయన ఆమెను చూశాడు. నేనూ చూశాను.

"ఆమెకు బాగానే ఉన్నట్టుంది," అన్నాడు.

ఎవరి మీదా దయతలచి నియమం మార్చలేననీ, అయితే రైలు దిగిపోయారు కనుక ఇక్కడినుంచి మామూలు టికెట్టు కొనుక్కుని వెళ్ళమనీ చెప్పాడు. పాసును అక్కడే ఉంచుకున్నాడు. నా సంతకం మీద ఆయన అడ్డంగా ఒక ముద్ర వేశాడు. చెల్లదని అర్థమట. అయితేనేం, సీలు పడింది.

అక్క దగ్గరకు వచ్చి కూర్చున్నాను.

"తరువాతి రైలుకు వెళితే పదకొండు యాభైకి చేరుతాము," అన్నాను.

"ఆడనుంచి గుట్ట ఎక్కల్ల. పన్నెండుకి ఆయన ఆపేస్తాడు." డబ్బా మూత పెట్టింది. "నువ్వు చిన్నప్పటినుంచి ఇంతేనే. చేసింది తప్పని ఎవురన్నా అంటే ఊరంతా మేలుకోవల్ల. నాకు ఆ జరిమానా ఒక లెక్కా? నా అంగట్లో ఒక దినం బోణీ. ఆ మిషను ఇంక తిరగదంట. అది తెలిసీ నువ్వు నన్ను రైలు దింపితివి."

ఆమె కంఠంలో ఎగతాళి లేదు. డెబ్బై ఏళ్ళలో నేను ఎరిగినంతవరకు, ఎగతాళి లేకుండా మా అక్క నాతో మాట్లాడినది అదే మొదలు. "ఎగతాళి చెయ్యి అక్కా," అనబోయి మానుకున్నాను.

మిషను ఉన్న ఇల్లు

పల్లెలో దిగి గుట్ట మీదికి దాదాపు పరుగెత్తాము. డెబ్బై రెండేళ్ళ నేను ఆయాసపడుతుంటే, డెబ్బై ఆరేళ్ళ అక్క పట్టుచీర ఒక చేత్తో ఎత్తిపట్టుకుని నా ముందు వెళ్ళింది.

ఇంటికింద నేలమాళిగ. తలుపు తెరిచే ఉంది. నూనె వాసన. పొడవాటి ఇనుప మిషను గది ఈ మూల నుంచి ఆ మూలకు నిలబడి ఉంది. దాని నడుమ తెల్లగుడ్డ నిలువుగా బిగించి ఉంది. గుడ్డకు ఎదురుగా మూడువందల పైచిలుకు సూదులు, నల్లదారాలతో. ఒకటీ కదలడం లేదు. బక్కపలచని పెద్దమనిషి ఒకాయన చేతులు గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"పన్నెండు దాటి ఆరు నిమిషాలు," అని గోడ గడియారం చూపించాడు.

బడి గంట కొట్టిన తరువాత గేటు మూయించి, బయట నిలబడి ఏడ్చే పిల్లలను కిటికీలోంచి చూసినదాన్ని నేను.

అక్క నన్ను పక్కకు తోసింది. "హనుమప్పా," అన్నది. హాన్స్ అనే పేరు ఆమెకు బెంగుళూరులోనే అలా స్థిరపడింది. "కాసేపు తిప్పప్పా. చానా దూరం నుంచి వచ్చినాము." అని, సంచిలోంచి అరగజం ముక్క తీసి ఆయన ముందున్న బల్ల మీద పరిచింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. వేలిగోటితో చీమలను లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు. ఆరవదాని దగ్గర వేలు ఆగింది.

"ఇది మీకు ఎక్కడ దొరికింది?"

నా ఉద్యోగంతో సహా అంతా చెప్పాను. ఆయన స్టూలు మీద కూలబడి నెమ్మదిగా తన వైపు కథ చెప్పాడు. ఈ మిషనుకు ఎడమపక్కన ఒక బొమ్మపలక ఉంటుంది. దాని మీద గీసిన పెద్ద చిత్రాన్ని ఒక ముల్లుతో చుక్క చుక్కా వెంబడిస్తే, అక్కడ ముల్లు కదిలినట్టే ఇక్కడ అన్ని సూదులూ కుడతాయి. ఆయన పనిలో చేరిన తొలి ఏడాది, కిటికీలోంచి ఎవరినో చూస్తూ, ఆరవ చుక్కను తప్పుచోట గుర్తుపెట్టాడు. సరకంతా అలాగే కుట్టుకుపోయింది. ఇక్కడ ఎవరూ కొనలేదు. యజమాని ఆ లాటును ఎవరో ఏజెంటుకు చిత్తు ధరకు వదిలించుకుని, ఈయన జీతం కోసేశాడు.

"దాన్ని ఎక్కడో పారేసి ఉంటారనుకున్నాను," అన్నాడు.

తెలుగులో చెప్పగానే అక్క నోరు తెరిచింది. "పారేసేదా! దాని మీదనే గదా నేను అంగడి చేసింది!" వేళ్ళ మీద లెక్క వేసింది. "అయితే ఆ బొంబాయోడు నాకు చిత్తు సరకు మంచి ధరకి కట్టినాడు. దొంగ నాయాలు."

హాన్స్ గారు గడియారం చూశారు. భోజనం డబ్బా పక్కకు జరిపి లేచారు. కుడిచేత్తో చక్రం, ఎడమచేత్తో ముల్లు పట్టుకున్నారు. కాళ్ళకింద మెట్లు నొక్కారు. మిషను ఒళ్ళు విరుచుకుని కదిలింది. సూదులన్నీ ఒక్కసారిగా గుడ్డలోకి దూరి అవతలకు వెళ్ళాయి, తిరిగి వచ్చాయి. అక్క గుడ్డకు మూరెడు దూరంలో నిలబడి, రెప్పవేయకుండా చూస్తున్నది. ఐదు నిమిషాలలో ఒక వరుస పూర్తయింది.

అక్క వంగి చూసింది. "ఇది కాదు."

"ఏమైంది?"

"వంకర చీమ యాడ?"

ఇంగ్లీషులో అడిగాను. ఆయన నిటారుగా నిలబడ్డాడు. "ఆ మరునాడే బొమ్మను సరిచేశాను. ఈ లేసు ఇప్పుడు ఉండవలసినట్టుగా ఉంది. తప్పును మళ్ళీ కుట్టను. అది ఈ మిషను చివరి పని."

ఆయన పక్షాన నిలబడాలని నాలోని సమస్తమూ కోరింది. వరుసలో ప్రతి చీమా సమదూరంలో, సరళరేఖలో, ఎంత ముచ్చటగా ఉందో! అక్క నా మోచేయి పట్టుకుంది.

"నువ్వే చెప్పల్ల వసంతా. ఆయన నీ మాదిరి మనిషి. నీ మాటే ఇంటాడు."

ఆయన వైపు తిరిగాను. "హాన్స్ గారూ, తిన్నని లేసు మా చిక్కపేటలో ప్రతి దుకాణంలో ఉంది. ఆ వంకర చీమను చూసే జనం కొన్నారు. మా అక్క ఆ చీమ కోసమే వచ్చింది."

"తప్పు తప్పే కదా, టీచరుగారూ?"

"అవును, అది తప్పే," అన్నాను. తరువాతి మాట పెదవి దాటడానికి కొంత సమయం తీసుకుంది. "దయచేసి చేయండి."

ఆయన కళ్ళజోడు సరిచేసుకున్నాడు. తరువాత ముల్లు అందుకున్నాడు. ఐదు చుక్కలు తిన్నగా నడిచాడు. ఆరవ చుక్క దగ్గర ఊపిరి బిగపట్టి, ముల్లును వేలెడు పక్కకు జరిపి, చక్రం తిప్పాడు. ఆ ఒక్క కదలికకు గుడ్డ ఈ కొస నుంచి ఆ కొస దాకా మూడువందల చీమలు ఒకేసారి బారు తప్పి పక్కకు అడుగు వేశాయి.

"వచ్చెనే! వచ్చెనే!" అని అక్క చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. హాన్స్ గారు గుడ్డ దగ్గరకు వచ్చి, తాను చేసినదాన్ని చూసి, మీసాల కింద నవ్వడం మొదలుపెట్టారు. "ఇంకొకటి?" అన్నారు.

ఒంటిగంటకు మ్యూజియంవారు విడగొట్టే పానాలతో లోపలికి వచ్చేసరికి మేము ముగ్గురం ఏడవ తప్పు దగ్గర ఉన్నాము.